ఒక్క రోజు సార్లు మాకొద్దు

మూడేళ్ల కింద ఒక శుక్రవారం పొద్దున, మా ఆఫీసు నుంచి నలభై మందిమి రెండు బస్సుల్లో హైదరాబాద్ శివార్లలోని ఒక సర్కారు బడికి వెళ్లాం. అందరికీ ఒకే రంగు టీషర్టులు. గోడలకు రంగులేయాలి, పిల్లలకు బ్యాగులు పంచాలి, ఒక గంట 'కెరీర్ గైడెన్స్' చెప్పాలి, మూడింటికల్లా తిరిగి బస్సెక్కాలి. నా వంతుకు ఐదో తరగతి గది బయటి గోడ వచ్చింది. ఆ గోడ మీద ఎవరో పెయింటుతో ఓపిగ్గా గీసిన భిన్నాల పట్టీలున్నాయి. పైన ఒక పొడుగు పట్టీ. దాని కింద అదే పొడవులో రెండు సగాలు. దాని కింద మూడు మూడోవంతులు. అలా పన్నెండు దాకా. కొంచెం వెలిసిపోయాయి. మేం వాటి మీద తెల్లరంగు కొట్టాం, అది ఆరాక నీలం కొట్టాం, ఆ నీలం మీద ఒక రాకెట్‌ని, నవ్వుతున్న భూగోళాన్ని గీశాం. ఫొటోలు బాగా వచ్చాయి.

మధ్యాహ్నం ఆ తరగతి టీచర్ బయటికొచ్చి గోడ వంక కాసేపు చూసింది. "భిన్నాలు చెప్పేటప్పుడు పిల్లల్ని ఈడికే తీస్కొస్తుంటి సార్" అంది. నేను సారీ చెప్పాను. "పోనీండి, ఎండాకాలం సెలవులల్ల మళ్ల గీస్కుంట" అని లోపలికి పోయింది.

సోమవారం ఆఫీసులో ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. ఈ అనుభవం మీకెంత తృప్తినిచ్చింది? మీ టీమ్‌తో అనుబంధం పెరిగిందా? కంపెనీ పట్ల మీ గౌరవం పెరిగిందా? మళ్లీ పాల్గొంటారా? ప్రశ్నలన్నీ నా గురించే. పిల్లల గురించి ఒక్కటీ లేదు, టీచర్ గురించి అసలే లేదు. అన్నిటికీ ఐదుకి ఐదు మార్కులు వేసి పంపేశాను. గోడ సంగతి ఎక్కడా రాయలేదు.

ఉద్యోగులు బడులకు వెళ్లి వాలంటీర్లుగా పనిచేస్తే కంపెనీకీ లాభం, సమాజానికీ లాభం అని కార్పొరేట్ నివేదికలన్నీ చెప్తాయి. ఆ మాట అబద్ధమని నేననడం లేదు. అది నిజమయ్యే పద్ధతి ఒకటుందని, మనం చేస్తున్నది ఆ పద్ధతి కాదని అంటున్నాను. ఇది నాకు ఆఫీసు నేర్పలేదు. మా కాలనీలో నేర్చుకున్నాను.

నేను పుట్టి పెరిగింది సెంటినరీ కాలనీలో. గోదావరిఖని నుంచి మంథని వైపు పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు పెద్దపల్లి జిల్లా, రామగిరి మండలం. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. ఆ నూరేళ్ల గుర్తుగా పెట్టుకున్న పేరు మా కాలనీది. రామగుండం-3 ఏరియాకు ఇదే కేంద్రం. ఒక పక్క రామగిరి ఖిల్లా గుట్టలు, ఇంకో పక్క ఓపెన్ కాస్ట్ మట్టి పోసీ పోసీ లేచిన ఓబీ గుట్టలు. చిన్నప్పుడు ఏవి దేవుడు చేసిన గుట్టలో, ఏవి డంపర్లు పోసిన గుట్టలో మాకు తేడా తెలిసేది కాదు.

మా నాన్నది బాయి పని. మా లైన్‌లో చివరి క్వార్టర్‌లో ఒక సర్వేయర్ సార్ ఉండేవాడు. ఆదివారం పొద్దున వరండాలో చాప పరిచేవాడు. ఎవరొచ్చినా సరే అనేవాడు. ఫీజు లేదు, బోర్డు లేదు. ఒకరోజు కోణమానినికి దారం కట్టి, దారం చివర ఒక పాత నట్టు వేలాడదీసి, "దీంతో ఆ ఓబీ గుట్ట ఎంతెత్తుందో చెప్పొచ్చురా" అన్నాడు. మేం నమ్మలేదు. కాలనీ రోడ్డు మీద అడుగులు కొలిపించి, కోణం చూపించి, ట్యాన్ పట్టికలో వెతికించి, ఎత్తు మాతోనే తేల్చాడు. బడిలో ట్యాన్ అంటే ఎదుటి భుజం బై ఆసన్న భుజం. ఆ వరండాలో ట్యాన్ అంటే మా గుట్ట.

ఆ చాప మీదికి కాలనీ బయటి ఊరి నుంచి ఒక పిల్లాడు వచ్చేవాడు. వాళ్ల భూమి ఓపెన్ కాస్ట్ కిందికి పోయింది. వాళ్ల నాన్న కాంట్రాక్టు పనికి పోయేవాడు. ఆ రోజు గుట్ట ఎత్తు లెక్క అయిపోయాక వాడు అడిగాడు: "మా చేను ఇప్పుడు ఎంత లోతుల ఉన్నది సార్?"

సార్ వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత, "క్వారీ ఒడ్డు మెట్లు మెట్లుగ కనబడ్తది గద, వాటిని బెంచీలంటరు. రోడ్డు మీంచి ఎన్ని కనబడ్తున్నయో లెక్కపెట్టుకోని రా. ఒక్కో బెంచి ఎత్తు నేన్జెప్త" అన్నాడు. వచ్చే ఆదివారం వాడు లెక్కతో వచ్చాడు. ఇద్దరూ కూర్చుని గుణించారు. వాడు ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు కొట్టుకున్నాడు. అంకె నాకిప్పుడు గుర్తులేదు. రెండు గీతలు గుర్తున్నాయి.

ఆ ప్రశ్న మొదటి ఆదివారం వచ్చింది, జవాబు రెండో ఆదివారం దొరికింది. మా టీషర్టుల కార్యక్రమంలో రెండో ఆదివారం అనేదే లేదు. పిల్లలు కొత్తవాళ్లను మొదటిరోజు అసలు ప్రశ్న అడగరు. మొదటిరోజు "గుడ్ మార్నింగ్ సార్" అంటారు, పాట పాడమంటే పాడతారు, పెద్దయ్యాక ఏమవుతావంటే కలెక్టర్ అంటారు. అసలు ప్రశ్న బయటికి రావాలంటే మనిషి మళ్లీ వస్తాడన్న నమ్మకం కుదరాలి. ఆ నమ్మకానికి అడ్డదారి లేదు.

'వాలంటీర్' అనే మాటకు మన సర్కారు బడుల్లో ఇప్పటికే ఒక చరిత్ర ఉంది. హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చున్న మనకది తెలియకపోవచ్చు. తెలంగాణలో టీచర్ పోస్టులు ఖాళీగా ఉన్నచోట 'విద్యా వాలంటీర్ల'ని పెట్టి నడిపించారు. బీఎడ్, డీఎడ్ చదివినవాళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూర్తి పని. నెలకు 12,000 రూపాయలు, అదీ ఆలస్యంగా. 2020లో కోవిడ్‌కి బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ తీసుకోలేదు. 2017 టీఆర్‌టీ తర్వాత 11,062 పోస్టుల డీఎస్సీ నోటిఫికేషన్ రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. మధ్యలో పిల్లలు ఆగలేదు, తరగతులు మారుతూనే పోయారు.

అంటే ఏడాదంతా రోజూ పాఠం చెప్పిన మనిషినీ వాలంటీరే అన్నారు, ఏసీ బస్సులో వచ్చి ఒక్కరోజు గోడకు రంగేసిన నన్నూ వాలంటీరే అన్నారు. మొదటివాళ్లకు ఉద్యోగం పోయింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది. అందుకే, కంపెనీ వాలంటీర్లు రావాలని నేను అడిగేముందు ఒక షరతు పెడతాను: ఖాళీ పోస్టులో ఎవరూ వాలంటీర్‌గా దిగొద్దు. లెక్కల టీచర్ లేని బడికి మీరు వారానికొకసారి వెళ్లి లెక్కలు చెప్పడం మొదలుపెడితే, "అక్కడ నడుస్తోంది కదా" అని ఆ ఖాళీ ఇంకో ఏడాది సాగుతుంది. మీ మంచితనమే అక్కడ ఒక టీచర్ ఉద్యోగాన్ని మింగేస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 'ప్రథమ్' సంస్థ వాలంటీర్ల పనిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చాలా ఏళ్లు పరీక్షించి చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊరి యువతకు కొన్ని రోజుల శిక్షణ ఇచ్చి, బడి వేళల తర్వాత చదువు శిబిరాలు నడిపించారు. అక్షరాలే రాని పిల్లలు, ఆ శిబిరాలకు వచ్చినవాళ్లు, నిజంగానే చదవడం నేర్చుకున్నారు. కానీ వచ్చిన పిల్లలు చాలా తక్కువ. ఉత్తరాఖండ్‌లో ఇంకో పద్ధతి చూశారు. వాలంటీర్లను నేరుగా బడి లోపలే పెట్టారు. ఫలితం రాలేదు. ఎందుకంటే బడి వాళ్లను మామూలు టీచర్లుగా కలిపేసుకుంది. వాళ్లు ఏ పని కోసం వచ్చారో ఆ పని జరగలేదు. నాకు ఈ రెండు అనుభవాల నుంచి అర్థమైంది ఇంతే: వాలంటీర్ పనికొస్తాడు. కానీ అతనికి శిక్షణ ఉండాలి, రోజులు కాదు నెలలు ఉండాలి, టీచర్ పనికి భిన్నమైన ఒక స్పష్టమైన పని ఉండాలి.

శిక్షణ సంగతి బొగ్గు ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బాయిలోకి ఎవరూ ఊరికే దిగరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలున్నాయి, వీటీసీ ఉంది. కొత్తగా చేరినవాడు ముందు అక్కడ కూర్చోవాలి, పైకప్పు ఎలా చూడాలో, గ్యాస్ అంటే ఏమిటో, ఎక్కడ నిలబడకూడదో నేర్చుకోవాలి. దిగేముందు పేరు నమోదు కావాలి. ఎక్కకపోతే వెతుక్కుంటూ పోతారు. ఇంత పద్ధతిగల మనుషులు బడి గేటు దాటేటప్పుడు మాత్రం "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్తే చాలు" అనుకుంటారు. ఏం? బడి బాయి కన్నా తేలికైన చోటా? తెల్లరంగు వేసేముందు ఆ గోడ మీద ఏముందో, ఎందుకుందో టీచర్‌ని ఒక్క మాట అడగాలని మాకెవరూ చెప్పలేదు. మాకు మేముగానూ తోచలేదు. నలభై మంది ఇంజినీర్లం.

ఇక చట్టం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. బెంచీలు కొంటే లెక్కలోకి వస్తుంది, మరుగుదొడ్లు కడితే వస్తుంది, బ్యాగులు పంచితే వస్తుంది. ఉద్యోగి వెళ్లి గడిపిన గంటలకు వెలకట్టి ఆ ఖర్చులో చూపిస్తామంటే మాత్రం కుదరదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఉద్యోగులను పాల్గొనేలా ప్రోత్సహించండి, కానీ వాళ్ల సమయాన్ని రూపాయల్లోకి మార్చి చూపకండి అని.

నాకు ఆ నిబంధన నచ్చింది. గంటలకు వెల కట్టనిస్తే మేనేజర్ గంట ఎక్కువ ఖరీదు, ఫిట్టర్ గంట తక్కువ ఖరీదు అని రాసి, సగం బాధ్యత కాగితం మీదే తీర్చేసేవాళ్లు. కానీ దీనివల్ల ఇంకొకటి జరిగింది. లెక్కలోకి వచ్చే పనికి బడ్జెట్, కమిటీ, ఆడిట్ వచ్చాయి. లెక్కలోకి రాని మనిషి సమయం హెచ్ఆర్ చేతికి పోయింది. హెచ్ఆర్‌కి కావాల్సింది ఉద్యోగి సంతోషం. అందుకే నా ఫారంలో ప్రశ్నలన్నీ నా తృప్తి గురించే. అక్కడ బడి ఒక పిక్నిక్ స్పాట్.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు వాడొద్దంటుంది. మేం వెళ్లిన రోజు ఆ బడిలో టీచర్లంతా పొద్దున్నుంచీ పిల్లలను వరసలో నిలబెట్టడం, స్టేజీ సర్దడం, మా లంచ్‌కి నీళ్లు చూడటం చేశారు. ఒక్క పాఠం జరగలేదు. ఈ ఖర్చు ఏ నివేదికలోనూ ఉండదు. "ఏమీ చేయనివాళ్లకన్నా నయం కదా" అని నా స్నేహితులంటారు. కాదు. ఆ రోజు మేం ఏమీ చేయకుండా ఆఫీసులోనే ఉండుంటే ఆ పిల్లలకు ఐదారు పీరియడ్లూ, భిన్నాల గోడా మిగిలేవి.

అయితే ఏం చేయమంటావు అంటారు. చెప్తాను, మా ఊరినే ఉదాహరణగా పెట్టుకుని.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు తగ్గలేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. తగ్గింది మనుషులు. ఓపెన్ కాస్టులు వచ్చాయి, అడ్రియాలలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చింది. మా కాలనీ ఉన్న ఏరియాలోనే 50 మెగావాట్ల సోలార్ ప్లాంటు కూడా వచ్చింది. మా నాన్న తరానికి బాయి ఒక భరోసా. తనకేమన్నా అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందన్న ధీమా. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పిల్లకు ఆ దారి దాదాపు లేదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఎన్నడూ పెద్దగా లేదు. లద్నాపూర్ లాంటి ఊళ్లు భూములిచ్చాయి. కాంట్రాక్టు కార్మికులు అదే దుమ్ములో పనిచేస్తున్నారు. 2024లో లాభాల వాటా పంచినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చాయి, కాంట్రాక్టు కార్మికుడికి 5,000. అదీ కంపెనీ చరిత్రలో మొదటిసారి ఇచ్చారని సంతోషించాం. ఆ రెండు అంకెల మధ్య దూరమెంతో, కాలనీ బడికీ ఊరి సర్కారు బడికీ మధ్య దూరం కూడా నాకంతే కనిపిస్తుంది.

కాబట్టి మొదట వెళ్లాల్సింది ఊరి సర్కారు బడికి. ఒక మనిషి, ఒక బడి, ఒక తరగతి, ఒక విద్యా సంవత్సరం. వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటలూ డ్యూటీ కింద మస్టర్‌లో పడాలి. ప్లే డే నాడు, సెలవు రోజు నాడు, ఒళ్లు అలిసిపోయిన మనిషిని సేవ పేరుతో పంపకూడదు. కంపెనీ సేవ చేస్తున్నానంటే కంపెనీ సమయం పోవాలి. ఉద్యోగి ఆదివారాన్ని ఇచ్చేసి, కంపెనీ తన పేరు వేసుకోవడం సేవ కాదు.

వెళ్లేది ఆఫీసర్లే కాకూడదు. సర్వేయర్, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఓవర్‌మ్యాన్, ఏరియా ఆసుపత్రి నర్సు. ఎనిమిదో తరగతి పిల్లలకు పీడనం గురించి హైడ్రాలిక్ షావెల్ నడిపే మనిషి చెప్పినట్టు నేను చెప్పలేను. ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో బడి టీచర్ నిర్ణయించాలి. వెళ్లే మనిషి మొదటి నెలంతా వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినాలి. అదే అతని వీటీసీ. మరుసటి నెల నుంచి టీచర్ పక్కన నిలబడాలి, టీచర్ స్థానంలో కాదు. కేంద్రం 'విద్యాంజలి' పేరుతో వాలంటీర్లకు సర్కారు బడుల తలుపు ఎప్పుడో తెరిచింది. అనుమతుల వంకా పెద్దగా లేదు.

పొరుగునే మంచి పద్ధతికి దగ్గరైనది ఒకటుంది. ఎన్టీపీసీ తన ప్రాజెక్టు ఊళ్ల ఆడపిల్లలకు వేసవిలో నాలుగు వారాల రెసిడెన్షియల్ శిబిరం నడుపుతుంది, రామగుండంలో కూడా. నాలుగు వారాలంటే కనీసం పిల్లల పేర్లు గుర్తుంటాయి. సింగరేణి సేవా సమితి కుట్టు శిక్షణ ఇప్పిస్తుంది, ఆర్మీ, పోలీసు ఉద్యోగాలకు యువతను తయారుచేస్తుంది. ఇవి పనికిమాలినవని నేనెన్నడూ అనను. కానీ ఇవన్నీ బడి బయట, బడి తర్వాత. నేనడుగుతున్నది బడి లోపల, బడి నడిచే రోజుల్లో, ఆ ఊరి బొగ్గు గురించి తెలిసిన మనిషి కావాలని.

"ఉత్పత్తి దెబ్బతింటుంది" అంటారు. లెక్కేద్దాం. నలభై వేల మందిలో వందకొకరు వెళ్తే నాలుగు వందల మంది. వారానికి రెండు గంటలు, ఏడాదికి ముప్ఫై వారాలు: 24,000 గంటలు. కంపెనీ మొత్తానికి ఒక్క రోజు పని, మనిషికి ఎనిమిది గంటల చొప్పున, 3,20,000 గంటలు. ఏడాది మొత్తానికి కలిపి మనం అడుగుతున్నది ఒకే ఒక్క రోజు పనిలో పదమూడో వంతు. దీనికి దెబ్బతినే ఉత్పత్తి అయితే అది ఈపాటికి వానాకాలానికే మునిగిపోయేది.

"చదువు చెప్పించడం కంపెనీ పనా? ప్రభుత్వం పని" అనేవాళ్లు ఇంకొందరు. టీచర్లను పెట్టడం ప్రభుత్వం పనే, పైనే చెప్పాను. కానీ సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, మిగతా 49 కేంద్రానిది. ఇక్కడ కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు అని చేతులు దులుపుకునే వీలు ఎవరికీ లేదు. ఊరి బడిలో లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే వాలంటీర్‌ని పంపడం కాదు, ఆ పోస్టు నింపమని యజమానిని అడగాలి. యజమాని అదే సచివాలయంలో ఉన్నాడు.

మూడో అభ్యంతరం నా సొంత మనుషుల నుంచి వస్తుంది. ఉద్యమాల్లో తిరిగిన మా బాబాయి లాంటివాళ్లు, "భూములు గుంజుకున్నోడు బడికొచ్చి అ ఆలు చెప్తే నువ్ సప్పట్లు కొడ్తవా?" అంటారు. ఆయన కోపం నాకర్థమవుతుంది. కానీ బాబాయ్, ఆ సర్వేయర్ సార్ కూడా కంపెనీ మనిషే కదా. ఆ పిల్లాడి చేను కొలిచి గీత గీసిన డిపార్ట్‌మెంట్ ఆయనదే. ఆయన ఆ ప్రశ్న నుంచి పారిపోలేదు. బెంచీలు లెక్కపెట్టుకొని రమ్మన్నాడు. కంపెనీ మనిషి బడికి రావడంలో ముప్పు లేదు. ఒక్కరోజే వచ్చి ప్రశ్న పుట్టకముందే వెళ్లిపోవడంలో ముప్పుంది.

కంపెనీకి నిజమైన లాభం కూడా అక్కడే ఉంది. ఏడాదంతా వారం వారం వెళ్లే ఇంజినీర్‌ని పిల్లలు అడుగుతారు: బ్లాస్టింగ్ ఒంటిగంటకే ఎందుకు చేస్తరు? మా ఇంటి గోడ ఎందుకు పగిలింది? మా బోరుల నీళ్లెటు పోయినయి? బొగ్గు అయిపోయినంక ఈ గుంతనేం జేస్తరు? ఆ ఇంజినీర్ సిగ్గుపడతాడు, తెలుసుకుని చెప్తానంటాడు, ఆఫీసుకెళ్లి ఎవరినో అడుగుతాడు. రాస్తారోకో రోజున తెలిసే సంగతి ఎనిమిది నెలల ముందే తెలుస్తుంది. కష్టమైన విషయాన్ని పదమూడేళ్ల పిల్లకు తెలుగులో చెప్పగలిగినవాడు, సేఫ్టీ మీటింగ్‌లో కూలీకి కూడా చెప్పగలుగుతాడు. ఏ ట్రైనింగ్ ప్రోగ్రామూ ఇది నేర్పదు.

ఇంకో లాభముంది, దాన్ని నివేదికలో ఎలా రాస్తారో నాకు తెలియదు. మా నాన్న ఎన్నడూ మా బడికి రాలేదు. ఫస్ట్ షిఫ్ట్ చేసొచ్చి, నల్లటి కళ్లతో పడుకునేవాడు. ఆయనకు పైకప్పు చప్పుడు విని అది కూలుతుందో లేదో తెలుసు. రాయి పొరలు తెలుసు, గాలి ఎటు నడుస్తుందో తెలుసు. మా సైన్సు పుస్తకంలో బొగ్గు మీద పాఠం ఉంది. ఆ పాఠం జరిగిన రోజు, ఊళ్లో ఆ పాఠం బాగా తెలిసిన మనుషుల్లో ఒకడు మా ఇంట్లో నిద్రపోతున్నాడు. ఆయన్ని పిలవాలని బడికి తోచలేదు, నాకూ తోచలేదు. ఆ ఒక్క పీరియడ్ ఆయన మా క్లాసులో నిలబడి ఉంటే, నేను ఆయన్ని చూసే చూపు పదేళ్ల ముందే మారేది.

నెల కింద మా ఆఫీసులో ఈ ఏడాది వాలంటీరింగ్ మెయిల్ వచ్చింది. అదే రంగు టీషర్టు, సైజు అడిగారు. కింద 'సూచనలు' అని ఒక చిన్న పెట్టె ఉంది. అందులో రాశాను: మూడేళ్ల కింద వెళ్లిన బడికే, ఐదో తరగతికే, బుధవారం పొద్దున రెండు గంటలు, ఆఫీసు సమయంలో, ఏడాదంతా వెళ్తాను. మొదటి పని గోడ మీద భిన్నాలు తిరిగి గీయడం, అదీ ఆ టీచర్ ఒప్పుకుంటే, ఆమె చెప్పిన కొలతలతో. 'ప్రస్తుతం ఈ ఆప్షన్ లేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని జవాబొచ్చింది.

మీ ఆఫీసులో కూడా ఈ మెయిల్ వస్తుంది. సూచనల పెట్టె మీకూ ఉంటుంది. టీషర్టు సైజు ఖాళీగా వదిలేసి, ఏ బడి, ఏ తరగతి, వారంలో ఏ రోజు అనేది అందులో రాయండి. ఒక్కడు రాస్తే ఆప్షన్ లేదంటారు. నలభై మంది రాస్తే ఏమంటారో నాకు చూడాలనుంది.